మెడ ఆటగాడిది, సంతకం ఎవరిది? – ఎన్‌హెచ్‌ఎల్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

నేషనల్ హాకీ లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ గారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. మీకు తెలుగు రాదని తెలుసు, చదివి చెప్పేవాళ్లు మీ ఆఫీసు చుట్టుపక్కలే దొరుకుతారని కూడా తెలుసు. బఫెలోలో, ఎడిసన్‌లో, టొరంటో పక్కన మిసిసాగాలో మీ ఆట టికెట్లు కొనే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. మా చిన్నప్పుడు హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం, అంతే. మంచు మీద కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకుని రబ్బరు బిళ్ల వెంట పడే ఈ ఆట మాకు పిల్లల వల్ల అంటుకుంది. మా ఇంట్లో అయితే మావాడి వల్ల, వాడికి అప్పటి మా బఫెలో జట్టు ఆటగాడు జాక్ ఐకెల్ వల్ల.

ఆ ఐకెల్ మెడ గురించే ఈ ఉత్తరం. పాత కథ మళ్లీ ఎందుకంటారా? 2025 అక్టోబర్‌లో వేగస్ గోల్డెన్ నైట్స్ క్లబ్ అతనితో ఇంకో ఎనిమిదేళ్లకు 10 కోట్ల 80 లక్షల డాలర్లకు కాంట్రాక్టు రాయించుకుంది. ఏడాదికి కోటి 35 లక్షలు. నాలుగేళ్ల ముందు మా ఊరి క్లబ్ ఏ మెడను చూసి భయపడిందో, ఆ మెడ మీదే ఇంత డబ్బు పెట్టారు. ఆ వార్త చదివినప్పుడు మా బఫెలోలో చాలామందికి గొంతులో ఏదో అడ్డం పడింది. నాకూ పడింది.

తెలియని తెలుగువాళ్ల కోసం జరిగింది చెప్తాను. 2015 డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే చోట, రెండో ఎంపికగా వచ్చినవాడు ఐకెల్. 2017లో బఫెలో సేబర్స్ ఎనిమిదేళ్లకు 8 కోట్ల డాలర్లు రాసిచ్చింది. మరుసటి ఏడాది కెప్టెన్ని చేసింది. 2021 మార్చి 7న న్యూయార్క్ ఐలాండర్స్‌తో ఆడుతుండగా దెబ్బ తగిలి మెడలో డిస్కు జారింది. ముందు విశ్రాంతి, వ్యాయామం అన్నారు. దాంతో తగ్గలేదు. ఇక ఆపరేషనే అనుకున్నాక అసలు పేచీ మొదలైంది. క్లబ్ డాక్టర్లు ఫ్యూజన్ అన్నారు. అంటే పాడైన డిస్కు తీసేసి, పైనా కిందా ఉన్న వెన్నుపూసల్ని కలిపి బిగించేయడం. ఐకెల్ కృత్రిమ డిస్కు కావాలన్నాడు. అది పెడితే ఆ చోట మెడ కదలిక మిగులుతుంది. ఫ్యూజన్ చేస్తే ఆ బరువు పక్క డిస్కుల మీద పడి, కొన్నేళ్లకు మళ్లీ కత్తి పట్టాల్సి రావచ్చునని అతని భయం. ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి అది చిన్న భయం కాదు.

ఆటగాళ్ల సంఘంతో మీకు అప్పుడు అమల్లో ఉన్న ఒప్పందం ప్రకారం ఆటగాడు ఇంకో డాక్టర్ దగ్గర అభిప్రాయం తీసుకోవచ్చు, కానీ ఏ వైద్యం చేయాలన్న ఆఖరి మాట క్లబ్‌ది. ఈ ఒక్క వాక్యం పట్టుకుని నెలలు గడిచిపోయాయి. ఆ సెప్టెంబర్‌లో ఫిట్‌నెస్ పరీక్షలో ఫెయిల్ అన్నారు, కెప్టెన్సీ తీసేశారు. నవంబర్ 4న వేగస్‌కు ట్రేడ్ చేశారు. ఎనిమిది రోజులకే, నవంబర్ 12న, డెన్వర్‌లో అతను కోరుకున్న ఆపరేషన్ జరిగింది. దెబ్బ తగిలిన రోజు నుంచి లెక్కేస్తే 250 రోజులు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ మ్యాచ్ ఆడటానికి పట్టింది 96 రోజులే. 2023 జూన్‌లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు, సీజన్ చివర కప్ కోసం ఆడే ఆ ప్లేఆఫ్స్‌లో గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి అందరికంటే ఎక్కువగా 26 పాయింట్లు తెచ్చాడు. సేబర్స్‌లో ఉన్నన్నాళ్లూ ప్లేఆఫ్స్ గడప తొక్కనివాడు మరి.

సేబర్స్ వాళ్లు దుర్మార్గులని నేననను. వాళ్ల కుర్చీలో కూర్చుంటే నాకూ చెమటలు పట్టేవి. అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ ఆటగాడూ మెడలో కృత్రిమ డిస్కుతో ఆడలేదు. ఫ్యూజన్ చేయించుకుని మళ్లీ ఆడినవాళ్లు ఉన్నారు. ఇంకా ఐదేళ్లు, ఐదు కోట్ల డాలర్లు మిగిలి ఉన్న కాంట్రాక్టు. ఎవరూ నడవని దారిలో ముందు నువ్వే నడువు అంటే ఏ జనరల్ మేనేజర్ ధైర్యం చేస్తాడు? పైగా రిక్ డిపియెట్రో లాంటి కథలు అందరికీ గుర్తే. 2006లో ఐలాండర్స్ ఆ గోల్‌కీపర్‌కు పదిహేనేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. గాయాల మీద గాయాలు. 2013లో వదిలించుకున్నారు, 2029 దాకా ఏటా 15 లక్షల డాలర్లు కడుతూనే ఉంటారు. క్లబ్ భయానికి అర్థముంది. అయితే ఆ భయం డబ్బు గురించి, మెడ గురించి కాదు. డబ్బు పోతుందన్న భయానికి మందు డబ్బు ఒప్పందంలోనే వెతుక్కోవాలి. ఇంకొకడి వెన్నుపూసల్లో వెతుక్కుంటే ఎలా?

ఇక్కడ నా సొంత మెడ సంగతి చెప్పాలి, క్షమించండి.

నాది కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. 2018 చలికాలంలో కుడిచేయి తిమ్మిరెక్కడం మొదలైంది. ఒకరోజు కాఫీ కప్పు చేతిలోంచి జారింది. ఇంకోరోజు అన్నం కలుపుతుంటే బొటనవేలు, చూపుడువేలు నావి కానట్టు ఉన్నాయి. ముద్ద కంచంలో పడిపోతోంది. మా ఆవిడ చూసి చూడనట్టు స్పూన్ తెచ్చి పక్కన పెట్టింది. ఆ స్పూన్ చూస్తే వచ్చినంత ఏడుపు ఎమ్మారై రిపోర్టు చూసినా రాలేదు. డాక్టరమ్మ ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ బల్ల మీద పెట్టి, ఇదీ మీ అయిదో పూస, ఇదీ ఆరోది అని వేలితో చూపించి, రెండు దారులూ చెప్పింది. ఒకటి ఫ్యూజన్, రెండోది కృత్రిమ డిస్కు. ఏది మంచిదని అడిగితే, రెండింటికీ మంచీ చెడూ ఉన్నాయి, మీ వయసు, మీ ఎముక, మీ పని చూసుకోండి, ఇంటికెళ్లి ఆలోచించుకోండి అంది. వారం ఆలోచించాను. ఫ్యూజన్ చేయించుకున్నాను.

అవును, సేబర్స్ చెప్పిన ఆపరేషనే. నాకు బాగానే ఉంది. చేయి తిమ్మిరి పోయింది. స్పూన్ లేకుండా తింటున్నాను. కాబట్టి ఏ ఆపరేషన్ గొప్పదో తేల్చమని నేను మీకు రాయడం లేదు. అది డాక్టర్ల పని. నేను చెప్పేది ఆ రోజు పొద్దున సంగతి. మంచం పక్కన ఒకామె అట్టకు పెట్టిన కాగితాలు తెచ్చి, ఏం చేయబోతున్నారో మీ నోటితో చెప్పండి అని నాతో చెప్పించి, అప్పుడు సంతకం పెట్టమంది. కుడిచేయి పట్టు తప్పి సంతకం వంకరగా వచ్చింది. ఫర్వాలేదు, మీరు పెడితే చాలు అంది. మా ఆఫీసులో నా మేనేజర్ మంచివాడే, నా మెడ బాగుంటే ఆయన ప్రాజెక్టు బాగుంటుంది. అయినా ఆ కాగితం మీద ఆయన సంతకానికి చోటు లేదు. సేల్స్‌లో నాకంటే పదింతలు జీతం తీసుకునేవాడికైనా అదే కాగితం, అదే గీత.

ఏడాదికి కోటి డాలర్లు ఇస్తే ఆ గీత ఎక్కడికి పోతుంది?

డబ్బు విషయానికొస్తే మీ లీగ్ ఎంత చురుకో చూశాం. మా తెలుగువాళ్లు లెక్కల్లో గట్టివాళ్లు కనుక ఇది వాళ్లకు నచ్చుతుంది, కాస్త చెప్తాను. ఒక్కో క్లబ్ ఆటగాళ్లందరి జీతాలకూ కలిపి లీగ్ ఒక పరిమితి పెడుతుంది. 2024-25 దాకా ఆటగాడు గాయంతో కనీసం 24 రోజులు, పది మ్యాచ్‌లు దూరమైతే, అతని జీతం మేరకు ఆ పరిమితి దాటి వేరేవాళ్లను తెచ్చుకోగలిగేవారు. ప్లేఆఫ్స్‌లో అసలు ఆ పరిమితే ఉండేది కాదు. 2020-21లో టాంపా బే ఆటగాడు నికిటా కుచెరోవ్ తుంటి ఆపరేషన్‌తో 56 మ్యాచ్‌ల సీజన్ మొత్తం ఆడలేదు. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌కు దిగి, 32 పాయింట్లు కొట్టి కప్ తెచ్చాడు. అప్పటి పరిమితి 8 కోట్ల 15 లక్షల డాలర్లు. సంబరాల్లో అతను తొడుక్కున్న టీషర్టు మీద పరిమితి దాటిన లెక్క రాసి ఉంది, కోటి 80 లక్షల డాలర్లని. సిగ్గుపడలేదు సరికదా, చొక్కా మీద అచ్చేయించుకున్నాడు. వేగస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో ఐకెల్ జీతానికి చోటు కావాల్సి వచ్చిన సమయానికే కెప్టెన్ మార్క్ స్టోన్ నడుం నొప్పితో గాయాల జాబితాలోకి వెళ్లాడు. 2023లో నడుం ఆపరేషన్ అయ్యాక ప్లేఆఫ్స్‌కు సరిగ్గా లేచొచ్చి, కప్ గెలిచిన మ్యాచ్‌లో మూడు గోల్స్ వేశాడు. అతని నొప్పి నిజమైనదే, అనుమానించను. ముహూర్తాలే మరీ బాగా కుదిరాయి.

మిగతా క్లబ్బులు గొడవ చేశాయి. మీరు కదిలారు. 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌కూ పరిమితి పెట్టారు. మంచి పని. కానీ నాకు అర్థం కానిది ఒకటుంది. గాయపడిన ఆటగాడి జీతం ఎక్కడ లెక్కేయాలన్నది ఇంత పట్టుగా తేల్చారే, గాయపడిన ఆటగాడి ఒంటి మీద కత్తి ఎవరి మాట మీద పెట్టాలన్నది అంతే పట్టుగా ఎందుకు తేల్చరు?

మీ లెక్కల్లో మనిషి, కాంట్రాక్టు వేరువేరుగా తిరుగుతుంటాయి. క్రిస్ ప్రాంగర్ 2011 తర్వాత ఆడలేదు. 2014లో మీ దగ్గరే, ఆటగాళ్ల భద్రతా విభాగంలో ఉద్యోగంలో చేరాడు, అప్పటికీ ఫిలడెల్ఫియా ఆటగాడే కాగితాల మీద. మరుసటి ఏడాది అతని కాంట్రాక్టు అరిజోనాకు వెళ్లింది, అతను హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. షే వెబర్‌దీ అంతే. 2021 ఫైనల్ తర్వాత స్కేట్లు విప్పేశాడు. కాంట్రాక్టు మాత్రం మాంట్రియల్, వేగస్, అరిజోనా, యూటా అంటూ దేశాటన చేసింది. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో సత్కారం జరిగే నాటికి కూడా ఎవరి జీతాల జాబితాలోనో ఉన్నాడు. నవ్వొచ్చే సంగతే. కానీ కాంట్రాక్టును మనిషి నుంచి ఇంత తేలిగ్గా విడదీయగలిగిన మీరు, ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడితే ఎలాగండీ?

వేరేలా చేసిన క్లబ్బూ ఉంది. కొలరాడో కెప్టెన్ గాబ్రియల్ లాండెస్కాగ్ 2022 జూన్‌లో కప్ గెలిచాడు. ఆ తర్వాత మోకాలు మొరాయించింది. ఏడాదికి 70 లక్షల డాలర్ల కాంట్రాక్టు అప్పటికి నిండా ఉంది. మోకాలికి మృదులాస్థి మార్పిడి చేయించుకున్నాడు. మూడు సీజన్లు పోయాయి. కెప్టెన్సీ తీసేయలేదు. 2025 ఏప్రిల్ 23న డెన్వర్‌లో, 1,032 రోజుల తర్వాత, ఆ కెప్టెన్సీ గుర్తుతోనే ఐస్ మీదికి వచ్చాడు. ఆ రాత్రి నేను, మావాడు టీవీ ముందు కూర్చున్నాం. వాడు ఏమీ మాట్లాడలేదు. వాడు ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు.

2021 సెప్టెంబర్‌లో వాడికి పదకొండేళ్లు. వాడి తొమ్మిదో నంబర్ జెర్సీ మీద ఛాతీకి ఎడమవైపు కెప్టెన్ గుర్తు ‘సి’ అక్షరం కుట్టి ఉండేది. కెప్టెన్సీ తీసేశారని తెలిసిన సాయంత్రం జెర్సీ తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. “నాన్నా, ఇది తీసేయాలా?” అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. వంటింట్లోంచి మా ఆవిడ అంది: “నీ చొక్కా, నీ ఇష్టం రా.” వాడు గోరుతో ఒక కుట్టు లాగి, ఆగిపోయాడు.

2022 మార్చి 10న ఐకెల్ వేగస్ జెర్సీలో మొదటిసారి బఫెలో వచ్చాడు. మేం పై అంతస్తులో కూర్చున్నాం. మావాడు ఆ పాత జెర్సీ వేసుకొచ్చాడు, పైన జాకెట్ జిప్పు గొంతు దాకా లాక్కుని. ఐకెల్‌కు బిళ్ల అందిన ప్రతిసారీ హాలంతా ఒకటే అల్లరి, ఈలలు, కేకలు. అన్నేళ్ల ఓటమి కోపమంతా ఆ ఒక్కడి మీద కక్కారు. మావాడు నా చెవిలో, “మెడ నొప్పొస్తే తిడతారా నాన్నా?” అన్నాడు. డబ్బు కోసం పోయాడని అనుకుంటున్నారురా అని సర్దిచెప్పాను. అది నిజం కాదని నాకు తెలుసు. జీతం బఫెలోలో రాసిచ్చిందే, వేగస్‌లోనూ అదే వచ్చింది. కాని ఆ గోలలో పదకొండేళ్లవాడికి వైద్య నిబంధనలు ఏం విప్పి చెప్పను?

కమిషనర్ గారూ, 1993 ఫిబ్రవరి నుంచి ఆ కుర్చీలో ఉన్నారు. ఆటగాళ్ల సంఘంతో ఎన్నో ఒప్పందాలు రాశారు. 2026 సెప్టెంబర్ నుంచి నడిచేదీ మీ హయాంలో కుదిరిందే. నేను అడిగేది రెండు వాక్యాలు. ఆపరేషన్ అవసరమని తేలాక, గుర్తింపు ఉన్న స్పెషలిస్టులు ఒప్పుకునే పద్ధతుల్లో ఏది చేయించుకోవాలన్న ఆఖరి మాట ఆటగాడిదని ఏ సందేహానికీ తావు లేకుండా రాయండి. క్లబ్‌కు నష్టభయం ఉంటే, ఆ నష్టాన్ని లీగ్, క్లబ్, ఆటగాడు ఎలా పంచుకోవాలో డబ్బు గురించి రాసిన పేజీల్లో రాసుకోండి, అక్కడ మీకు చోటు చాలానే ఉంది. ఆటగాళ్ల సంఘం వాళ్లకూ ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. ఆ 250 రోజుల్లో వాళ్లు ఇంకాస్త గట్టిగా అరవాల్సిందని నా అభిప్రాయం.

ఆ జెర్సీ ఇప్పుడు మావాడికి పట్టదు. వాడి అల్మరాలో కొక్కేనికి వేలాడుతోంది. ‘సి’ ఇంకా ఉంది, ఒక మూల దారం లేచి.

ఇట్లు,
బఫెలో పై అంతస్తు సీట్లలో, ఫ్యూజన్ అయిన మెడతో కూర్చునే ఒక తెలుగు ప్రేక్షకుడు