రెండో నౌక ఉండబట్టే వాళ్లు ఇంటికి రాగలిగారు

సంపాదకులకు నమస్కారం.

సునీతా విలియమ్స్‌ను అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లిన బోయింగ్ వ్యోమనౌక స్టార్‌లైనర్ గురించి వార్త వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో, టీవీల్లో దాదాపు ఒకే మాట వినిపిస్తోంది: బోయింగ్ ఓడింది, స్పేస్‌ఎక్స్ గెలిచింది. నేను సూళ్లూరుపేటలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రాలు లెక్కలు చెప్పించుకోవడానికి పిల్లలు ఇంటికొస్తుంటారు. వాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి మొన్న అడిగింది: "సార్, స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్ బాగానే పనిచేస్తోంది కదా, నాసా ఇంకా ఆ పాడైపోయినదాన్ని ఎందుకు పట్టుకుని కూర్చుంది?" మన వార్తలు చదివితే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. ఆ అమ్మాయికి చెప్పిన జవాబే మీకూ రాస్తున్నాను.

ఒకే నౌకను నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికాకు అనుభవమే. 2011 జులైలో చివరి షటిల్ అట్లాంటిస్ దిగిపోయాక తొమ్మిదేళ్లపాటు వాళ్ల వ్యోమగాములు రష్యా సోయజ్‌లో సీటు కొనుక్కుని వెళ్లారు. 2018 అక్టోబరు 11న అమెరికా వ్యోమగామి నిక్ హేగ్, రష్యా వ్యోమగామి అలెక్సీ ఒవ్చినిన్ ఎక్కిన సోయజ్ రాకెట్ బయల్దేరిన రెండు నిమిషాలకే దెబ్బతింది. మనుషులు కూర్చున్న క్యాప్సూల్ రాకెట్ నుంచి విడిపోయి కజకిస్తాన్ మైదానాల్లో దిగడంతో ఇద్దరూ బతికారు. కానీ డిసెంబరు 3న సోయజ్ మళ్లీ మనుషులతో ఎగిరేదాకా, భూమి నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మనిషిని పంపే నౌక ప్రపంచంలో ఇంకొకటి లేదు. ఈ నిక్ హేగ్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇలా ఒకే నౌక మీద ఆధారపడే అవస్థ తప్పించుకోవాలనే, ఈ ప్రమాదానికి ముందే, 2014 సెప్టెంబరులో నాసా కావాలని రెండు కంపెనీలను ఎంచుకుంది. బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్లు. పాత కంపెనీ కాబట్టి బోయింగే ముందుంటుందని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే డ్రాగన్ 2020 మే 30న వ్యోమగాములు బాబ్ బెంకెన్, డగ్ హర్లీలను తీసుకెళ్లింది. హైదరాబాద్ మూలాలున్న రాజాచారి 2021 నవంబరులో కమాండర్‌గా వెళ్లిందీ డ్రాగన్‌లోనే. స్టార్‌లైనర్‌లో మనుషులు ఎక్కేసరికి 2024 జూన్ అయింది.

డబ్బునూ తేదీలనూ పక్కపక్కన పెడితే బోయింగ్ తేలిపోతుంది, కాదనను. అయితే స్పేస్‌ఎక్స్ 2012 నుంచే సరుకుల డ్రాగన్‌ను కేంద్రానికి నడుపుతోంది, ఆ అనుభవం మీదే మనుషుల డ్రాగన్ తయారైందని కూడా చెప్పాలి. పైగా ధర ముందే ఖాయం చేసిన కాంట్రాక్టు కావడంతో, ఆలస్యం వల్ల బోయింగ్ 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం భరించింది.

డ్రాగన్‌కూ దెబ్బలు తగిలాయి. 2019 మార్చిలో అంతరిక్షానికి వెళ్లొచ్చిన క్యాప్సూల్ ఏప్రిల్ 20న నేల మీద పరీక్షలో పేలి ముక్కలైంది. వాల్వ్‌లోంచి కొద్దిగా ఆక్సిడైజర్ (ఇంధనం మండడానికి కావలసిన ద్రవం) హీలియం వాయువు గొట్టంలోకి కారింది. ఒత్తిడి పెంచగానే ఆ ద్రవం విసురుగా పోయి టైటానియం వాల్వ్‌ను కొట్టింది, ఆ టైటానియమే అంటుకుంది. అదృష్టం, లోపల ఎవరూ లేరు. ఆ రోజు "డ్రాగన్ పని అయిపోయింది" అని కాంట్రాక్టు రద్దు చేసి ఉంటే తర్వాతి ఏడాది బెంకెన్, హర్లీల ప్రయాణం ఎక్కడిది? 2019 డిసెంబరులో స్టార్‌లైనర్ ఖాళీగా ఎగిరినప్పుడు దాని గడియారం 11 గంటలు తప్పు చూపించి, కేంద్రాన్ని చేరకుండానే తిరిగొచ్చింది. మొత్తం ప్రయాణాన్ని ఒకేసారి మొదటి నుంచి చివరిదాకా నేల మీద నడిపి చూసి ఉంటే ఆ తప్పు దొరికేది. ఈ విషయంలో బోయింగ్‌ను ఎంత తిట్టినా తప్పులేదు.

2024 సంగతికి వస్తే, బుచ్ విల్మోర్, సునీతా విలియమ్స్ జూన్ 5న బయల్దేరారు. మర్నాడు కేంద్రాన్ని చేరుకుంటుండగా 28 చిన్న థ్రస్టర్లలో (నౌకను అటూ ఇటూ కదిపే బుల్లి ఇంజన్లు) అయిదు ఆగిపోయాయి. నాలుగు మళ్లీ పనిచేశాయి. హీలియం లీకులు సరేసరి. అదే రకం థ్రస్టర్‌ను ఇంజనీర్లు న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో మండించి చూశారు. థ్రస్టర్లు అమర్చిన ఇరుకు గూడులో వేడి పేరుకుని లోపలి టెఫ్లాన్ సీల్ ఉబ్బి, ఆక్సిడైజర్ దారికి అడ్డం పడుతోందని కనిపించింది. ఆ థ్రస్టర్లున్న భాగం భూమికి తిరిగి రాదు, దారిలోనే విడిపోయి కాలిపోతుంది. విప్పి చూద్దామంటే కుదరదు. అందుకే నౌకను పైనే ఉంచి, అన్ని వారాలు పరీక్షలు చేశారు. మనం మాత్రం "చిక్కుకుపోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాం.

ఆగస్టు 24న నాసా స్టార్‌లైనర్‌ను ఖాళీగానే దించుతామని చెప్పింది. సెప్టెంబరు 7న అది క్షేమంగా దిగింది. "చూశారా, అనవసరంగా భయపడ్డారు" అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కొలంబియా షటిల్ ప్రమాదానికి ముందు కూడా ఇంధన ట్యాంకు నుంచి ఫోమ్ ముక్కలు రాలేవి, అయినా షటిళ్లు క్షేమంగా దిగేవి. అలవాటైపోయింది. అలాంటి ముక్క దెబ్బకే 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. ఒకసారి క్షేమంగా దిగినంత మాత్రాన లోపం లేనట్టు కాదని నాసా ఏడు ప్రాణాలిచ్చి నేర్చుకుంది. 2023 అక్టోబరు 21న మన శ్రీహరికోటలో గగన్‌యాన్ పరీక్ష రాకెట్‌ను చివరి 5 సెకన్లలో ఆపేసినప్పుడు మా వీధి పిల్లలు మేడ మీద నిలబడి ఉసూరుమన్నారు. అలా ఆపగలగడమే గొప్ప అని వాళ్లకు అప్పుడే చెప్పాను. పది గంటలకు అది చక్కగా ఎగిరింది.

స్టార్‌లైనర్‌ను ఖాళీగా పంపే ధైర్యం నాసాకు ఎలా వచ్చింది? డ్రాగన్ ఉంది కాబట్టి. సెప్టెంబరు 28న డ్రాగన్ రెండు సీట్లు ఖాళీ పెట్టుకుని వెళ్లింది. ఆ సీట్లు వదులుకున్నది వ్యోమగాములు జెనా కార్డ్‌మన్, స్టెఫానీ విల్సన్. కమాండర్ నిక్ హేగ్, ఆ రోజు కూలిన సోయజ్ నుంచి బతికి బయటపడ్డ మనిషే. తాము బయల్దేరిన 286 రోజుల తర్వాత, 2025 మార్చి 18న విల్మోర్, సునీత ఆ డ్రాగన్‌లోనే ఫ్లోరిడా తీరంలో దిగారు.

ఇక డ్రాగన్ ఒక్కటీ చాలు అనేవాళ్లు 2025 జూన్ 5ను తలచుకోవాలి. ట్రంప్‌తో గొడవపడి స్పేస్‌ఎక్స్ అధిపతి ఎలాన్ మస్క్ డ్రాగన్‌ను వెంటనే పక్కన పెట్టేస్తానని సోషల్ మీడియాలో రాశారు. కొన్ని గంటల్లో వెనక్కి తీసుకున్నారు. ఆ సమయానికి మన శుభాంశు శుక్లా అదే డ్రాగన్ ఎక్కడానికి ఫ్లోరిడాలో క్వారంటైన్‌లో ఉన్నారు. ఆ రోజు నేను ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. ఒక మనిషి కోపం మీద ఇన్ని ప్రాణాలు, ఇన్ని దేశాల శ్రమ ఆధారపడకూడదు.

2025 నవంబరులో నాసా స్టార్‌లైనర్ ప్రయాణాలను ఆరు నుంచి నాలుగుకు తగ్గించింది, తర్వాతిది సరుకులతోనే అంది. అంతరిక్ష కేంద్రాన్ని 2030 దాటాక దించేస్తారు కదా, ఇంకెందుకు ఖర్చు అని కొందరి వాదన. కొత్త ప్రైవేటు కేంద్రాలు కట్టాలని చూస్తున్నది ఆ నాసాయే. వాటికీ మనుషులు వెళ్లాలి, ప్రమాదమైతే దిగి రావాలి. రెండో నౌకను ఇప్పుడు వదిలేస్తే మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకో పదేళ్లు పడుతుంది.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. స్టార్‌లైనర్ ఈసారి ఎగిరినప్పుడు గెలిచింది, ఓడింది అని కాకుండా, ఆ థ్రస్టర్లలో ఏం మార్చారు, గూడులో వేడి ఎలా తగ్గించారు, పరీక్షల్లో ఏం తేలింది అని అర పేజీ వేయండి. గగన్‌యాన్ పరీక్షలకూ అలాగే వేయండి. ఆ పేజీ కత్తిరించి మా తొమ్మిదో తరగతి అమ్మాయికి ఇస్తాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, సూళ్లూరుపేట