తైమూరు పేరు పెట్టుకున్న రీలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం విరామంలో మన తెలుగు బడి వెనక గదిలోంచి ఫిడేలు వినబడింది. వెళ్లి చూస్తే పెద్ద తరగతి పాప ఒకతె నిలబడి, గడ్డం కింద ఫిడేలు నొక్కిపట్టి, బూటు మడమతో చెక్క నేల మీద తాళం వేస్తూ వాయిస్తోంది. చిన్నపిల్లలిద్దరు అప్పటికే చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతున్నారు. ఏం పాటమ్మా అంటే "తైమూర్ ద టార్టార్" అంది. కమాను దించి, "టీచర్, ఢిల్లీని దోచుకున్న తైమూరేనా? అతని పేరున్న పాటకి అందరూ డాన్స్ ఎలా చేస్తారు?" అనడిగింది.

పేరుదేముందిలే, వాయించు అన్నాను. ఇంటికెళ్లాక అలా అనకుండా ఉండాల్సిందనిపించింది. అందుకే ఈ నెల ఉత్తరమంతా ఆ ప్రశ్న గురించే.

స్కాట్లండు ఫిడేలు వాళ్లు తరతరాలుగా వాయిస్తున్న రీలు ఇది. రీలంటే డాన్సుకు వాయించే వేగమైన వరుస. ఐర్లండులో ఇదే వరుసను పీటర్ స్ట్రీట్ అంటారు. మేజర్ స్కేలు కాబట్టి స్వరాలు మన శంకరాభరణానివే. ఎనిమిదేసి బార్ల (మన తాళంలో ఆవర్తాల లాంటివి) భాగాలు రెండు, ఒక్కోటి రెండుసార్లు. 32 బార్లు పూర్తవగానే ఊపిరి తీసుకోకుండా మళ్లీ మొదటికి. కాళ్లు వాటంతటవే కదులుతాయి. 1811లో లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్లో మాథ్యూ లూయిస్ రాసిన నాటకం ఒకటి ఇదే పేరుతో ఆడింది. స్టేజీ మీదికి నిజం గుర్రాలనే ఎక్కించారు. ఆ ప్రేక్షకులకు తైమూరంటే కోటలు, గుర్రాలు, తళుకుబెళుకులు.

ఢిల్లీకి అలా కాదు. మధ్య ఆసియాలోని సమర్కండ్ నుంచి వచ్చిన తైమూరు 1398 డిసెంబరులో తుగ్లక్ సుల్తాను సైన్యాన్ని ఓడించాడు. యుద్ధానికి ముందే వేలమంది బందీలను చంపించాడు. తర్వాత నగరాన్ని రోజుల తరబడి దోచుకున్నారు. రాళ్లు చెక్కే పనివాళ్లను సమర్కండ్‌లో మసీదు కట్టడానికి తరలించుకుపోయాడు. ఇళ్లూ ఊళ్లూ వదిలి అంత దూరం నడిచిన ఆ శిల్పుల పేర్లు మనకు తెలియవు, వాళ్ల మీద రీలూ లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. తైమూరు 1405లో చైనా మీదికి వెళ్తూ దారిలో చనిపోయాడు. 1941లో సమాధి తెరిచి ఎముకలు చూస్తే కుడి కాలు నిజంగానే అవిటిది. తైమూరులంగ్ అన్న పేరులో లంగ్ అంటే కుంటి.

పాప ఆ రీలు వాయించడం మానకూడదు. అంత చక్కని వరుసను ఎందుకు వదులుకోవాలి? అలాగని పేరు వెనక ఉన్నది దాచనూ కూడదు. మీ పిల్లలు ఇంట్లో అడిగితే విసుక్కోకుండా తెలిసింది చెప్పండి.

వచ్చే శనివారం రెండో పీరియడ్‌లో పాప మళ్లీ వాయిస్తుంది. తర్వాత పిల్లలు మ్యాపు మీద సమర్కండ్ నుంచి ఢిల్లీకి దారి గీస్తారు. తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఎవరైనా ఇక్కడికి వచ్చి ఉంటే తప్పకుండా వెంట తీసుకురండి. ఫిడేలు ఉన్న పిల్లలు కమానుకు రాసే రోజిన్ మర్చిపోవద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు