గిటార్ సంగతి, కిట్టుకి

విజయనగరం,
ఆదివారం.

చిరంజీవి కిట్టుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. పొద్దున్నే కోట చుట్టూ నడిచి వచ్చి, కూరలో ఉప్పు తగ్గించానని నా మీద చిరాకు పడుతున్నారు. పెరట్లో కరివేపాకు చెట్టు మళ్లీ చిగుళ్లు వేసింది. పై వాటాలోకి ఇంకా ఎవరూ రాలేదు. వాట్సాప్‌లో ఏం రాసినా నువ్వు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటున్నావు, అందుకని ఇలా కూర్చుని రాస్తున్నాను. అన్నం తిన్నాక చదువు. తింటూ ఫోన్ చూడకు.

వినాయక చవితి తర్వాత నీ గొంతు వినలేదు. ఆఫీసులో పని ఎక్కువై ఉంటుందని నాన్నగారు అంటున్నారు. అయ్యుండొచ్చు. మొన్న సరోజత్త వచ్చి, మురళి చెప్పాడంటూ ఏదో చెప్పింది. ఆవిడ మాటల్లో సగం తీసెయ్యాలని నీకు తెలుసు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

దసరాకి పిల్లల చేత వీణ కచేరీ చేయిస్తున్నాను. ఈ ఏడు కొత్తగా ఒక పిల్ల చేరింది, చెయ్యి బంగారం. తోడి రాగంలో గాంధారం దగ్గర తీగ ఎంత లాగాలో చెప్పక్కర్లేకుండానే లాగుతుంది. దాన్ని చూస్తుంటే నువ్వు ఇంటర్ చదివేటప్పుడు మేడ మీద గదిలో ఒకే స్వరం పట్టుకుని గంటలు గంటలు కూర్చోవడం గుర్తొచ్చింది. వీణలోనూ అంతే కదా, మెట్టు మీద వేలు ఆనించి తీగని పక్కకి లాగితే పై స్వరం పలుకుతుంది. గిటార్ మీద మీరు దాన్నే బెండింగ్ అంటారు. మీ అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ నాకు అలాగే, వంటింట్లో నిలబడి వింటూ వింటూ అలవాటయ్యాడు.

సరే, చెప్పేస్తాను. హెండ్రిక్స్ వాయించింది ఇంగ్లండు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వాయించగలడా అని మురళి వాళ్లింట్లో మీరంతా వాదించుకున్నారట. ఆ మాటల్లో ఎవడో, కిట్టు వాయించేదంతా హెండ్రిక్స్ కాపీయే కదా అన్నాడట. ఆ మర్నాటి నుంచి నువ్వు గిటార్ ముట్టలేదట. అమ్మకానికి కూడా పెట్టావట. నేను నమ్మలేదు. నమ్మకపోయినా నిద్ర పట్టలేదు. ఆ గిటార్ కొనడానికి నువ్వు రెండేళ్లు ట్యూషన్లు చెప్పావని సరోజత్తకి తెలీదు.

నువ్వే నాకు చెప్పిన కథ ఒకటుంది, మళ్లీ నీకే చెప్తాను. 1966 సెప్టెంబర్ ఆఖర్లో హెండ్రిక్స్ లండన్‌లో దిగాడు. అతని మేనేజర్ చాస్ చాండ్లర్ వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి అక్కడ అతన్ని ఎరిగినవాళ్లు లేరు. క్లాప్టన్ సంగతి వేరు, క్లాప్టన్ దేవుడని లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో గోడ మీద రాశారు. అతను ఇంకో ఇద్దరితో కలిసి క్రీమ్ బ్యాండ్ పెట్టి అప్పటికి కొద్ది నెలలు. హెండ్రిక్స్ వచ్చిన వారానికి, అక్టోబర్ 1న, రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో వాళ్ల కచేరీ. మా కుర్రాడు ఒక పాట మీతో కలిసి వాయిస్తాడు అని చాండ్లర్ అడిగాడు. సరే అన్నారు. ఎదుటివాడి కచేరీ మధ్యలో కొత్తవాణ్ణి ఎక్కించడం మన దగ్గర ఎవరూ ఒప్పుకోరు, వాళ్లు ఒప్పుకున్నారు, అది వాళ్ల పెద్దమనసు. హెండ్రిక్స్ ఎంచుకున్నది బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ పాట, 'కిల్లింగ్ ఫ్లోర్'. ఆ పాట కష్టమని క్లాప్టనే అనేవాడు. దాన్ని ఇతను మామూలు కంటే ఎంతో వేగంగా ఎత్తుకున్నాడు. పళ్లతో వాయించాడు, తల వెనక పెట్టుకుని వాయించాడు. పాట మధ్యలోనే క్లాప్టన్ చేతులు గిటార్ మీంచి జారిపోయాయి, స్టేజీ దిగిపోయాడు. లోపలికెళ్లి చూస్తే సిగరెట్టు వెలిగించుకోవడానికి కూడా చేతులు స్థిమితంగా లేవని చాండ్లర్ చెప్పేవాడు.

అంత జరిగాక ఆ మర్నాడు క్లాప్టన్ గిటార్ అమ్మేశాడా?

మళ్లీ మళ్లీ వెళ్లి హెండ్రిక్స్‌ని విన్నాడు, స్నేహం చేశాడు. 1967 జనవరిలో సావిల్ థియేటర్‌లో హెండ్రిక్స్‌ని విని ఇంటికెళ్లిన క్రీమ్ బ్యాండ్ జాక్ బ్రూస్‌కి ఒక వరస తట్టింది, అదే క్రీమ్ వాళ్ల 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' అయింది. క్రీమ్ విడిపోయాక, 1969 జనవరిలో హెండ్రిక్స్ బీబీసీలో గాయని లులు ప్రోగ్రాంలో లైవ్‌గా తన పాట మధ్యలో ఆపేసి, వాళ్లకి అంకితమని చెప్పి, అదే పాట ఎత్తుకున్నాడు. టైం అయిపోతోందని వాళ్లు కంగారు పడుతున్నా ఆపలేదు. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవరిని కాపీ కొట్టినట్టు? ఆ అబ్బాయి ఎవరో నాకు తెలీదు, పేరు చెప్పమని నిన్ను అడగను. ఈ ప్రశ్న మాత్రం అతన్ని అడుగు.

వాదన దేనికి, హెండ్రిక్స్ పాట 'లిటిల్ వింగ్' ఒక్కటి చాలు. 1967లో హెండ్రిక్స్ వాయించినప్పుడు అది రెండున్నర నిమిషాలు కూడా లేదు. బొటనవేలు గిటార్ మెడ మీదుగా తెచ్చి మంద్రం పలికే లావు తీగ నొక్కుతాడు, మిగిలిన వేళ్లు పాటని అల్లుతూ ఉంటాయి. ఏ గురువైనా ఆ బొటనవేలు చూస్తే ఒక్కటి వేస్తారు. పైగా ఎడమచేతివాటం, కుడిచేతివాళ్ల గిటార్‌ని తిరగేసి తీగలు మార్చి కట్టుకున్నాడు, అందుకని దాని నాదం కూడా కొంచెం వేరు. క్లాప్టన్ దాన్నే 1970 సెప్టెంబర్‌లో మయామీలో ఇంకో గిటారిస్టు డ్యూయేన్ ఆల్మన్‌తో కలిసి రికార్డు చేశాడు. మొదట్లో ఆ సుతారమైన ఆలాపన తీసేశాడు. గిటార్లు రెండూ గొంతెత్తి అరుస్తాయి. అది రికార్డు చేసిన తొమ్మిది రోజులకి హెండ్రిక్స్ పోయాడు, ఆ పాట వినలేదు. అతనికిద్దామని క్లాప్టన్ ఎడమచేతి గిటార్ ఒకటి కొని పెట్టుకున్నాడట. ఇవ్వడం పడలేదు. ఈ ముక్క రాస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఆ పాట వాయించిన మూడోవాడు మీ డల్లాస్ వాడే, గిటారిస్టు స్టీవీ రే వాన్. 1984లో వాయించాడు, మాట లేదు, ఒట్టి గిటార్, దగ్గర దగ్గర ఏడు నిమిషాలు. హెండ్రిక్స్ ఎత్తుకున్నట్టే ఎత్తుకుని ఎక్కడికో తీసుకెళ్లిపోతాడు. అది బయటికి వచ్చింది అతను పోయాక, 1991లో. దానికి గ్రామీ కూడా వచ్చింది. అతన్నీ హెండ్రిక్స్ కాపీ అన్నవాళ్లున్నారు. అతను పుట్టి పెరిగిన ఓక్ క్లిఫ్ మీ ఇర్వింగ్‌కి ఎంత దూరమని? సమాధి కూడా డల్లాస్‌లోనే, లారెల్ లాండ్‌లో ఉంది. ఒక ఆదివారం వెళ్లి దణ్ణం పెట్టుకుని రా. ఎండ ఎక్కువైతే టోపీ పెట్టుకో.

నన్నడిగితే క్లాప్టన్ హెండ్రిక్స్ పాట వాయించగలడు, వాయించాడు కూడా. స్వరాలు నేర్చుకోవడం కష్టమేం కాదు, చెవి ఉన్నవాళ్లకి వస్తాయి. తీగ లాగినప్పుడు పై స్వరానికి ఒకరు చటుక్కున చేరతారు, ఒకరు దారిలో ఆగి ఆగి వెళ్తారు, చేరాక ఒకరి వేలు మెల్లగా ఊగుతుంది, ఒకరిది గబగబా ఊగుతుంది. మనిషిని పట్టిచ్చేది అదే. చిట్టిబాబు గారు ఈమని శంకరశాస్త్రి గారి శిష్యులే కదా, మనింట్లో ఇద్దరి క్యాసెట్లూ పెడితే, నిద్ర మొహంతో కూడా ఇది ఎవరి వీణో చెప్పేవాడివి నువ్వు. నీ గిటార్ కూడా నాకు అలాగే తెలుస్తుంది. నువ్వు తీగ లాగాక పైన కాసేపు కదలకుండా నిలబెడతావు, హెండ్రిక్స్ అలా చెయ్యడు. అది నా దగ్గర తోడి విని వచ్చింది. అందుకే కాపీ అన్న మాట నాకంత కష్టం వేసింది.

ఇంకో మాట, కోప్పడకు. హెండ్రిక్స్ 27 ఏళ్లకే పోయాడు, నిద్రమాత్రలు ఎక్కువై. వాన్‌కి తాగుడు వల్ల 1986లో ప్రాణం మీదికొస్తే మానేశాడు, ఆ తర్వాత నాలుగేళ్లు బంగారంలా వాయించాడు. 1990లో క్లాప్టన్‌తో కలిసి వాయించిన రాత్రే హెలికాప్టర్ కూలి పోయాడు. నీకు 29 నడుస్తోంది. శనివారాలు మురళి వాళ్లింట్లో ఏం జరుగుతుందో నేను అడగను. రాత్రి పదకొండుకి పడుకో. చలికాలం వస్తోంది, చెవులకి గుడ్డ కట్టుకో. ఉద్యోగం ఉద్యోగమే, దాని పేరు చెప్పి వాయిద్యం మూల పెట్టకు. నీకు మూడేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని తీగ మీటిన చెయ్యి అది.

డబ్బుకి ఇబ్బందైతే నాన్నగారికి చెప్పు, ఆయన ఏమీ అనరు. చెప్పడం ఇష్టం లేకపోతే నాకు చెప్పు. గిటార్ ఇప్పటికే ఎవరికైనా మాటిచ్చేసి ఉంటే వెంటనే రాయి, ఎంతకి ఇచ్చావో కూడా రాయి, తిరిగి తెచ్చుకునే దారి చూద్దాం.

పద్మ వాళ్లబ్బాయి వచ్చే నెల డల్లాస్ వస్తున్నాడు. కందిపొడి, ఆవకాయ, రెండు కిలోల మినప సున్నుండలు పంపుతున్నాను. ఆవకాయకి రెండు కవర్లు వేశాను, అయినా నూనె కారుతుంది, విడిగా పెట్టుకో. వేళ్లకి రాసుకోవడానికి కొబ్బరినూనె కూడా పెట్టాను, వాయించాక రాసుకో, ముందు రాసుకుంటే జారుతుంది.

ఆదివారం రాత్రి తొమ్మిదికి, అంటే నీకు పొద్దున పదిన్నరకి, ఫోన్ చెయ్యి. మామూలు ఫోన్ వద్దు, వీడియో కాల్ చెయ్యి. ఎడమచేతి వేళ్ల కొనలు దగ్గరగా పెట్టి చూపించు. కాయలు అలాగే ఉన్నాయో, మెత్తబడ్డాయో చూస్తే నాకు తెలుస్తుంది.

ఇట్లు,
అమ్మ