సార్వాకి ముంపు, దాళ్వాకి కటకట

సంపాదకునికి,

2022 జులైలో, సార్వా (ఖరీఫ్ వరి) కాలంలో, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి, దాళ్వా (రబీ వరి) వచ్చేసరికి సీలేరు విద్యుత్ కేంద్రాలు వదిలే నీటి కోసం ఎదురుచూస్తుంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది. వాన పడితే కుండపోతే. అడవి నరికిన కొండవాలులో ఆ నీరు ఇంకదు, మట్టితో సహా గోదావరి ఉపనది శబరిలోకి జారిపోతుంది. ఇంకితేనే కదా వేసవిలో ఊట!

ఎగువవాళ్లనే తిట్టుకుంటే సగం మాటే. డెల్టాలో రొయ్యల చెరువుల గట్లు మురుగు కాలువల్లోకి జరిగాయి. తూముల దగ్గర గుర్రపుడెక్క పేరుకుని, మొగ (మురుగు కాలువ సముద్రంలో కలిసే చోటు) ఇసుకతో పూడితే చేలో నీరు దిగదు, నారు కుళ్లిపోతుంది. నదిలో ప్రవాహం తగ్గితే పోటుకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. మట్టి లవణీయత (ఉప్పదనం) మీటరుకు 3 డెసిసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది.

సాగునీటి కాలువలకు నీరు ఆపేసిన వేసవిలోనే మురుగు కాలువల పూడిక తీయాలి, అదీ మొగ నుంచి ఎగువకు. పైనుంచి మొదలుపెడితే శివారు చేలే మునుగుతాయి. మొగ దగ్గరి స్లూయిజు తలుపులు ఆటుకి తెరిచి, పోటుకి మూయాలి. రబ్బరు సీలు చిరిగితే మూసినా ఒకటే. తీసిన మట్టిని గట్టు అంచున వదిలేస్తే తొలి వానకే మళ్లీ కాలువలో ఉంటుంది. బిల్లు మాత్రం అప్పటికే పాసవుతుంది.

– శివారు ఆయకట్టు రైతులు, కోనసీమ