సీటు కింది స్విచ్చిని డైరెక్ట్ చేయకండి

సంపాదకులకు,

నాలుగు వానలు పడి గరిక, తుంగ మోకాలి దాకా లేచిందంటే చాలు, కూర్చుని నడిపే గడ్డికోత మిషన్లు షెడ్లలోంచి బయటికొస్తాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల కాలేజీ మైదానాల్లో, వెంచర్ల పార్కుల్లో, ఫామ్‌హౌసుల్లో ఇవి ఉన్నాయి. కొన్ని బత్తాయి తోటల్లో కూడా దించుతున్నారు. చూస్తే బొమ్మ ట్రాక్టర్ లెక్కుంటుంది కాబట్టి తాళంచెవి ఎవరికైనా ఇచ్చేస్తారు. మరమ్మతుకు వచ్చే మిషన్లలో తరచుగా కనిపించే పని ఒకటుంది. సీటు ఎత్తి చూస్తే స్విచ్చి వైర్లు రెండూ మెలేసి టేపు చుట్టి ఉంటాయి. దాన్నే ‘డైరెక్ట్ చేయడం’ అంటారు. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

ఆ స్విచ్చి పైన ఒక బొడిపె ఉంటుంది. మనిషి కూర్చుంటే అది లోపలికి నొక్కుకుంటుంది, లేస్తే పైకొస్తుంది. బ్లేడు తిరుగుతుండగా డ్రైవరు సీటు వదిలితే ఇంజిన్‌కు స్పార్క్ ఆగిపోవాలి. బ్లేడు 5 సెకన్లలోపు నిలిచిపోవాలి. బ్లేడు సంగతి కూడా చెప్పాలి. 42 అంగుళాల డెక్కు (బ్లేళ్లను పైనుంచి కప్పే రేకు గూడు) కింద సాధారణంగా రెండు బ్లేళ్లుంటాయి, ఒక్కోటి సుమారు 53 సెంటీమీటర్లు. నిమిషానికి 3,300 చుట్లు తిరిగితే కొన వేగం గంటకు 330 కిలోమీటర్లు. గుంతలో చక్రం దిగి మనిషి ముందుకు తూలి పడితే, అతనికీ ఆ బ్లేడుకూ మధ్య ఉన్నది ఆ బొడిపె ఒక్కటే.

ఎందుకు డైరెక్ట్ చేస్తారో తెలియక ఇది రాయడం లేదు. మన చెలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. సీటు ఎగిరినప్పుడల్లా ఇంజిన్ దగ్గి ఆగుతుంది. రోజుకు పదిసార్లు అలా అయితే ఎవరికైనా విసుగొస్తుంది. కానీ తప్పు స్విచ్చిది కాదు. బరువు తక్కువున్న మనిషికి సీటు స్ప్రింగు గట్టిగా ఉందేమో చూడాలి. చాలా సీట్లకు స్ప్రింగు బిగువు మార్చుకునే వీలుంటుంది. కనెక్టర్ విప్పి, పచ్చగా చిలుము పట్టిన పిన్నులను గీకి శుభ్రం చేయాలి. షెడ్డులో పెట్టిన మిషనైతే ఎలుకలు వైరు కొరికాయేమో వేలితో తడుముతూ చివరి దాకా చూడాలి. టైరులో గాలి ఎక్కువున్నా సీటు ఎగురుతుంది. అసలు కారణం చాలాసార్లు అదే. ఇవన్నీ చూశాక కూడా ఇంజిన్ ఆగుతుంటే కొత్త స్విచ్చి వేయాలి. అంతేగానీ తీగముక్క వేయడం మరమ్మతు కాదు.

స్విచ్చీలు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. చదును నేల మీద, చుట్టూ ఎవరూ లేనప్పుడు చూడండి. బ్రేకు తొక్కకుండా తాళం తిప్పండి, సెల్ఫ్ తిరగకూడదు. బ్రేకు తొక్కి, బ్లేడు స్విచ్చి ‘ఆన్’లో ఉంచి తిప్పండి, అప్పుడూ తిరగకూడదు. తరువాత మామూలుగా స్టార్ట్ చేసి, బ్లేడు వేసి, దిగకుండా సీటు మీంచి కొద్దిగా పైకి లేవండి. ఇంజిన్ వెంటనే ఆగాలి. మళ్లీ స్టార్ట్ చేసి, బ్లేడు ఆపి, బ్రేకు వదిలి లేవండి. అప్పుడు కూడా ఆగాలి. చాలా మిషన్లలో బ్లేడు తిరుగుతుండగా వెనక్కి వేస్తే బ్లేడో ఇంజినో ఆగుతుంది. ఆ ఏర్పాటును తాత్కాలికంగా పక్కన పెట్టే తాళం కొన్నింటికి ఉంటుంది. దాన్ని అలవాటుగా తిప్పి ఉంచొద్దు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజు మిషన్ షెడ్డులోనే ఉండాలి.

వెనక్కి నడిపే సంగతి విడిగా చెప్పాల్సిందే. పిల్లలకు ఈ మిషన్ అంటే ఆకర్షణ. చప్పుడు వినపడగానే ఉరికొస్తారు. డ్రైవరు ముందుకు చూస్తుంటాడు, పిల్లాడు వెనక చక్రం పక్కన ఉంటాడు. ఒళ్లో కూర్చోబెట్టుకుని ‘ఒక్క రౌండు’ తిప్పడం అసలు వద్దు. ఒకసారి ఎక్కిన పిల్లాడు మరుసటి రోజు మిషన్ వెంబడి తానే పరుగెత్తి వస్తాడు. 16 ఏళ్లు నిండనివారు ఈ మిషన్ నడపకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. ఇంటర్ చదివే పిల్లాడైనా సరే, ఆ వయసు చూసుకోండి. వెనక్కి వేసే ముందు బ్లేడు ఆపి, తల పూర్తిగా తిప్పి, కిందికీ చూడాలి. మెడ నొప్పి అనుకునేవారు వెనక్కి వేయకుండా ముందుకే చుట్టూ తిరిగి రండి.

కొత్త మిషన్ దించుకున్నవారికి కొన్ని మాటలు. పెట్టెలోంచి తీసి పెట్రోలు పోసి తోలేయడం చాలామంది చేసే తప్పు. ముందు ఆయిల్ స్టిక్ తీసి చూడండి. కొన్ని కొత్త ఇంజిన్లు ఆయిల్ లేకుండానే వస్తాయి. ఒక సిలిండర్ ఇంజిన్లకు సుమారు 1.4 లీటర్లు పడుతుంది. మన ఎండలకు ఎస్‌ఏఈ 30 గ్రేడు ఆయిల్ సరిపోతుంది. ఒకేసారి మొత్తం పోయకుండా, కొద్దికొద్దిగా పోస్తూ స్టిక్ చూసుకోండి. ఎక్కువ పోస్తే తెల్ల పొగ వస్తుంది. మొదటి ఐదు గంటల పని తరువాత ఒకసారి ఆయిల్ మార్చండి, ఆ పైన 50 గంటలకోసారి. బ్యాటరీకి ముందు ఎర్ర వైరు, తరువాత నల్ల వైరు బిగించాలి. విప్పేటప్పుడు ముందు నల్లది తీయాలి. ఈ వరస తప్పితే పానా బాడీకి తగిలి మెరుపు లేస్తుంది.

టైర్ల గాలి గురించి పంక్చర్ షాపులో ఎవరినీ అడగొద్దు. బైకు లెక్కన 30 దాకా కొడతారు. ఈ మిషన్లలో ఎక్కువ వాటికి ముందు 14, వెనక 10 పౌండ్లు చాలు. పెట్టెలో వచ్చేటప్పుడే గాలి ఎక్కువ ఉంటుంది కాబట్టి తగ్గించాల్సి రావచ్చు. మీ మిషన్ పుస్తకంలో ఉన్న అంకె పట్టుకోండి. ఎడమ కుడి టైర్లలో గాలి తేడా ఉంటే డెక్కు వాలుతుంది, గడ్డి ఒకవైపు గీరినట్టు, మరోవైపు నిలిచినట్టు తెగుతుంది. అందుకే డెక్కు మట్టం చూసే ముందే గాలి సరిచేయాలి.

మట్టం చూడటానికి సిమెంటు గచ్చు కావాలి. తాళం తీసి, స్పార్క్ ప్లగ్గు వైరు లాగి, తోలు చేతితొడుగులు వేసుకుని బ్లేళ్లను అడ్డంగా తిప్పి పెట్టండి. ఎడమ కొన నుంచి నేలకు ఎంతో, కుడి కొన నుంచి నేలకు ఎంతో టేపుతో కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. తరువాత బ్లేళ్లను ముందు వెనకలుగా తిప్పి కొలవండి. ముందు కొన వెనక కొన కంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. వెనక భాగం కిందికి ఉంటే తెగిన గడ్డినే మళ్లీ కొడుతూ ఇంజిన్ మూలుగుతుంది. ఇక్కడొక సంగతి గమనించండి. ఒక బ్లేడును చేత్తో తిప్పితే రెండోది కూడా తిరుగుతుంది, బెల్టు రెండింటినీ కలిపే ఉంచుతుంది. వేళ్లు తెగేది ఇలాంటప్పుడే. రెండో చేయి ఎక్కడుందో చూసుకోరు.

పెట్రోలు విషయంలో ఇప్పుడు కొత్త తలనొప్పి ఉంది. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా చిన్న ఇంజిన్ల పుస్తకాల్లో 10 శాతం దాకానే సరేనని రాసి ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. వారాల తరబడి నిలిస్తే నీళ్లు వేరుపడి కార్బొరేటర్ గిన్నె అడుగున జిగట మడ్డి చేరుతుంది, రబ్బరు గొట్టం ఉబ్బుతుంది. కాబట్టి పని కావాల్సినంతే పోయండి. నెల రోజులకు మించి నిలిపేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, ఉన్నది అయిపోయేదాకా ఇంజిన్‌ను నడిపి ఆపండి. ఇంజిన్ చల్లారాకే పోయాలి. క్యాను నేల మీద పెట్టి నింపాలి, ఆటో ట్రాలీ ప్లాస్టిక్ షీటు మీద కాదు. నీళ్ల సీసాలో పెట్రోలు తెచ్చే అలవాటు గురించి చెప్పి చెప్పి విసిగిపోయాం.

వాలు దగ్గర అంచనాలు పనికిరావు. ఈ మిషన్లకు సాధారణంగా చెప్పే హద్దు 15 డిగ్రీలు. మేస్త్రి రసమట్టం, ఒక మీటరు పట్టె ఉంటే కొలవొచ్చు. పట్టె ఒక కొన వాలు మీద ఆనించి, రసమట్టంతో చదునుగా పట్టి, రెండో కొన నుంచి నేలకు కొలవండి. 27 సెంటీమీటర్లు వస్తే అది 15 డిగ్రీలు. అంతకు మించితే దిగొద్దు. గడ్డి తడిగా ఉంటే 18 సెంటీమీటర్ల దగ్గరే ఆగడం మంచిది. కూర్చుని నడిపే మిషన్‌ను వాలుకు నిలువుగా, పైకీ కిందికీ నడపాలి. అడ్డంగా పోతే పక్కకు దొర్లుతుంది. తోసుకుని నడిచే మిషన్‌కు పద్ధతి సరిగ్గా దీనికి తిరగబడుతుంది, అందుకే చాలామంది పొరబడతారు. వాలు మీద మలుపు తిప్పొద్దు, గేరు వదిలేసి జారనివ్వొద్దు. హైడ్రో గేరు (గేర్లు మార్చకుండా పెడలుతోనే నడిచే) మిషన్లలో వెనక ఒక లివర్ ఉంటుంది, మిషన్‌ను చేత్తో నెట్టుకోవడానికి. అది లాగి ఉంటే పెడలు వదిలినా మిషన్ నిలవదు. ఎక్కే ముందు అది లోపలికి ఉందో లేదో చూడండి.

ఇప్పుడు చెరువు కట్ట సంగతి. రెండుకు ఒకటి వాలు, అంటే రెండడుగులు ముందుకు పోతే ఒకడుగు లేచే వాలు, దాదాపు 27 డిగ్రీలు. కట్ట పక్కవాలు మీద కూర్చుని నడిపే మిషన్‌కు పనే లేదు. పైన చదునుగా ఉన్న దారి మేరకే కోయాలి, అదీ అంచుకు రెండు మిషన్ల వెడల్పు దూరం వదిలి. మిగిలింది బ్రష్‌కట్టర్‌కు (భుజానికి తగిలించుకుని గడ్డి కోసే మిషన్‌కు) వదిలేయండి, దాని చుట్టూ 15 మీటర్ల దాకా ఎవరూ ఉండకుండా చూస్తూ. ఒరలు లేని పాత బాయిలు, కాలువ గట్లు, కంచె లేని కందకాలకూ ఇదే లెక్క. వానకు అంచు మెత్తబడి ఉంటుంది, పైకి మాత్రం గడ్డి పచ్చగా నమ్మకంగా కనిపిస్తుంది.

బత్తాయి తోటల్లో దున్నకుండా గడ్డి కోయడం మంచి పనే. రోటవేటరు పైపై వేళ్లను తెంచేస్తుంది, తెగిన చోట నుంచి వేరుకుళ్లు తెగులుకు దారి దొరుకుతుంది. కానీ మిషన్ దించే ముందు డ్రిప్పు పైపులు చుట్టి పక్కన పెట్టాలి. 16 మిల్లీమీటర్ల పైపు ఒకసారి బ్లేడు ఇరుసుకు చుట్టుకుంటే కరిగి, సీలు కాలి, బేరింగు పోతుంది. డెక్కు పక్కన గడ్డి బయటికి చిమ్మే మూతి సాలు నడిమి వైపుకు ఉండేలా నడపండి. రాయి ఎగిరి చెట్టు మొదలుకు తగిలితే బెరడు చిట్లి బంక కారుతుంది. పాదు గట్టు మీదికి ఎక్కించొద్దు, ఎక్కిస్తే బ్లేడు మట్టిని చెక్కుతుంది. కింది కొమ్మలు ముందే కత్తిరించండి. ముళ్లు కళ్లకు ఎదురుగా వస్తాయి, అద్దాలు పెట్టుకోకుండా తోటలోకి పోవద్దు. వయ్యారిభామ ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

కోసే ముందు నేలంతా ఒకసారి నడిచి చూడాలి. గ్రానైటు చెక్కలు, కట్టుతీగ ముక్కలు, పాత పైపు ముక్కలు, సీసా పెంకులు మన నేలల్లో ఏరినకొద్దీ దొరుకుతూనే ఉంటాయి. డెక్కు మూతికి ఉన్న రేకు తలుపు ‘గడ్డి అడ్డుపడుతోంద’ని విప్పేసిన మిషన్లు చాలానే ఉన్నాయి. గులకరాయి తుపాకీ గుండులా పోయేది ఆ మూతిలోంచే. రేకు తలుపును మళ్లీ బిగించాలి. మూతిని గోడ వైపుకు తిప్పాలి గానీ రోడ్డు, కిటికీ, బండ్ల వైపుకు కాదు. గడ్డి అడ్డుపడితే కారణం తడి గడ్డి, లేదా ఒకేసారి లోతుగా కోయడం, లేదా మొద్దుబారిన బ్లేడు. గడ్డి ఎత్తులో మూడో వంతే తెగేలా డెక్కు ఎత్తి మొదట ఒకసారి, రెండు మూడు రోజులాగి మరోసారి కోయండి. ఇంజిన్ పూర్తి వేగంలో ఉంచి, నడక మాత్రం నెమ్మదిగా ఉంచండి. చాలామంది పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ తగ్గించి నడక పెంచుతారు. బ్లేడు కోయదు, లాగుతుంది. ఇంజిన్‌కు గాలి తగలక వేడెక్కుతుంది.

అడ్డుపడినప్పుడు బ్లేడు స్విచ్చి ఆపి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, బ్లేడు నిలిచిందని చూశాకే దిగి, ప్లగ్గు వైరు తీసి కర్రతో తోడాలి. చేయి పెట్టొద్దు. చెప్పులు, లుంగీ, భుజం మీది తువ్వాల, ఇవేవీ మిషన్ మీద ఉండకూడదు. తువ్వాల బెల్టు పుల్లీలోకి పోవడానికి చిన్న గాలి చాలు.

వేసవిలో ఎండుగడ్డి కోసేవారు గంటకోసారి ఆపి సైలెన్సర్ చుట్టూ, ఇంజిన్ రెక్కల మీద పేరుకున్న పొట్టును బ్రష్‌తో తీసేయాలి. నిప్పంటుకునేది అక్కడే. చెలక దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో చెప్పిన గంటల కంటే ముందే నిండుతుంది. స్పాంజి ఉంటే సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కాగితం ఫిల్టర్‌ను మాత్రం కడగొద్దు, పెట్రోలులో ముంచొద్దు.

పంచాయతీలు, కాలేజీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు కొనుగోలు ఆర్డరులో నాలుగు మాటలు చేర్చాలని మా విన్నపం. తెలుగులో వాడకం పుస్తకం ఇవ్వాలి. నడిపే మనిషికి సగం రోజు నేల మీద శిక్షణ ఇవ్వాలి. పైన చెప్పిన స్విచ్చి పరీక్షలు అప్పగించే రోజే చేసి చూపి సంతకం పెట్టాలి. మరమ్మతుకు పంపిన ప్రతిసారీ సీటు ఎత్తి, టేపు చుట్టిన వైరు కనిపిస్తే బిల్లు ఆపాలి.

— గడ్డికోత మిషన్లు, చిన్న ఇంజిన్లు బాగుచేసే కొందరు మెకానిక్‌లు, నల్లగొండ