వాగు ఆకలి

ప్రియమైన రవీ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి అందులోని చివరి పేరా నన్ను వదలడం లేదు. "మురుగు శుద్ధి చేసే ప్లాంటు వచ్చాక వాసన పోయింది, నీళ్ళు తేటపడ్డాయి, ఇంకా వాగుకి ఏం జబ్బుందని అంత బెంగ? పొలాల నుంచి కాస్త ఎరువు దిగితే మహా అయితే నాచు పెరుగుతుంది, అదీ పురుగులకీ చేపలకీ తిండే కదా" అన్నావు. ఈ మాట చాలామంది దగ్గర విన్నాను. నీ నోట వచ్చింది కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు వాగు దేని మీద బతుకుతుందో చూద్దాం. చెట్ల నీడలో పారే చిన్న వాగులో ఎండ పడేదే తక్కువ. నీళ్ళలో పచ్చదనం పెద్దగా పెరగదు. అక్కడి ప్రాణులకు అసలు తిండి గట్టు మీది చెట్లు రాల్చే ఆకులు, పుల్లలు, బెరడు ముక్కలు. అమెరికాలో న్యూహాంప్‌షైర్ అడవుల్లో బేర్ బ్రూక్ అని ఒక వాగుంది. దానికి ఏడాది పొడుగునా అందే శక్తినంతా ఫిషర్, లైకెన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కగట్టి 1973లో ప్రచురించారు. అందులో 99 శాతం పైగా చుట్టూ ఉన్న అడవి నుంచి వచ్చిందే. అంటే వాగు తనకు తాను పండించుకునేది ఒక్క శాతం కూడా లేదు! 1990ల్లో నార్త్ కరోలినాలోని కొవీటా పరిశోధన కేంద్రంలో ఇంకో పని చేశారు. ఒక వాగు మీద వల కప్పి, ఆకులు నీళ్ళలో పడకుండా ఆపేశారు. నీళ్ళలో ఏ విషమూ కలవలేదు. అయినా ఆకులు తినే పురుగులు తగ్గిపోయాయి, వాటిని తినే ప్రాణులూ తగ్గిపోయాయి. తిండి లేదు, అంతే.

అయితే రాలిన ఆకుని రాలినట్టే తినలేవు ఈ పురుగులు. అది గట్టిగా ఉంటుంది, అందులో నత్రజని, భాస్వరం బహు తక్కువ. ముందు దానికి బూజు పట్టాలి. ఈ పని కోసమే నీళ్ళలో బతికే శిలీంధ్రాలు కొన్ని ఉన్నాయి. 1942లో ఇంగ్లండులో ఇంగోల్డ్ అనే ఆయన వీటిని లోకానికి పరిచయం చేశాడు. వాటి సిద్ధబీజాలు (విత్తనాల్లా పనిచేసే కణాలు) చాలావాటికి నాలుగు చేతులుంటాయి, పారే నీళ్ళలో దేన్నైనా పట్టుకుని నిలవడానికి. వాగులో రాళ్ళ పక్కన తేలే నురగని సూక్ష్మదర్శిని కింద పెడితే ఇవి నక్షత్రాల్లా కనిపిస్తాయి. (వాగులో నురగ కనబడితే సబ్బు కలిసిందని అనుకుంటాం గానీ, ప్రతిసారీ అలా కాదు.) ఈ శిలీంధ్రాలు తమ పోగుల్ని ఆకులోకి దింపి ఆకు నుంచి కార్బన్ తీసుకుంటాయి. చాలని నత్రజని, భాస్వరాలను పక్కనుంచి పారే నీటి నుంచి లాక్కుంటాయి. ఆకు మెత్తబడుతుంది, బలం పుంజుకుంటుంది. అప్పుడు స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై అనే పురుగుల లార్వాలు (నీళ్ళలో పెరిగే పిల్లపురుగులు) వచ్చి కొరుక్కు తింటాయి. అవి వదిలిన తునకలు, రెట్టలు కిందికి కొట్టుకుపోయి అక్కడ వలలు అల్లుకుని కాచుకున్న ఇంకో రకం లార్వాలకు ఆహారమవుతాయి.

ఇప్పుడు నీ "కాస్త ఎరువు" దగ్గరికి వద్దాం. ఇన్నాళ్ళూ శిలీంధ్రాలకు పగ్గం వేసి ఉంచింది నీటిలో నత్రజని, భాస్వరం తక్కువగా ఉండడమే. ఆ రెండూ నీటిలో పుష్కలంగా దొరికితే బూజు విజృంభిస్తుంది, బాక్టీరియా విజృంభిస్తుంది, ఆకు త్వరగా కరిగిపోతుంది. అందులోని కార్బన్ కొంత బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది, కొంత పొడిపొడై కిందికి కొట్టుకుపోతుంది. కొవీటాలోనే ఇదీ పరీక్షించారు. చీకటి నీడలో పారే వాగుల్లో నత్రజని, భాస్వరం ఏళ్ళ తరబడి కలుపుతూ చూశారు. అడవి నుంచి వచ్చిన కార్బన్ వాగులో నిలిచే కాలం సుమారు సగానికి పడిపోయిందని 2015లో ప్రకటించారు. దీనికి పెద్ద పెద్ద మోతాదులు అక్కర్లేదు, మోస్తరు మోతాదే చాలు. గాదెలో ఏడాదికని పోసుకున్న గింజలు ఆర్నెల్లకే అయిపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించు, వాగు పరిస్థితి అదే. మళ్ళీ ఆకులు రాలే కాలం వచ్చేదాకా అడుగున ఆకులు పెద్దగా మిగలవు. నీళ్ళు మాత్రం తేటగానే ఉంటాయి. నన్ను బాధపెట్టేది ఇదే రవీ. పచ్చగా మారిన నీటిని అందరూ చూస్తారు, ఖాళీ అయిన అడుగుని ఎవరూ చూడరు.

"పురుగులు బలుస్తాయిగా, పైవాటికి మంచిదేగా" అని నువ్వు అడుగుతావని తెలుసు. మొదట్లో అలాగే కనిపించింది కూడా. కొవీటాలో అయిదేళ్ళు సాగిన ప్రయోగంలో తొలి ఏళ్ళలో ఆకులు తినేవీ, వాటిని వేటాడేవీ రెండూ పెరిగాయి. తర్వాత తినేవి పెరుగుతూ పోయాయి గానీ వేటాడేవి అక్కడే ఆగిపోయాయి. ఎందుకంటే పెరిగినవి ఎక్కువగా పెద్ద ఒడ్డూపొడుగూ ఉన్న రకాలు, వేటాడే ప్రాణుల నోటికి చిక్కనివి. ఏడాదీ రెండేళ్ళూ చూసి తీర్పు చెప్పేవాళ్ళ మీద నాకు నమ్మకం పోయింది అందుకే.

ఎండ బాగా పడే వాగుల కథ వేరు. అక్కడ నువ్వన్నట్టు నాచే ముందు లేస్తుంది. అలాస్కాలో కుపారుక్ నదిలో 1983 నుంచి ఎండాకాలాల్లో భాస్వరం కలుపుతూ వచ్చారు. మొదట రాళ్ళ మీద డయాటమ్‌ల (కంటికి కనబడనంత చిన్న నాచు) జిగురుపొర పెరిగింది, పురుగులూ చేపలూ కొంత బాగుపడ్డాయి. కొన్నేళ్ళు గడిచాక ఒక రకం మాస్ మొక్క అడుగంతా అల్లుకుపోయి, అక్కడి జీవుల వరసనే మార్చేసింది. ఇక నాచు దట్టమైన చోట పగలు ఆక్సిజన్ పొంగిపొర్లుతుంది, రాత్రి నాచు కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి తెల్లవారే వేళకు అడుగంటుతుంది. మధ్యాహ్నం వెళ్ళి కొలిచి అంతా బాగుందని రాసుకొస్తే ఏం లాభం?

మురుగు చేసే హాని ఇంకో తీరు. మురుగులోని సేంద్రియ పదార్థం కూడా ఒక రకంగా తిండే. కానీ ఆకులా నెమ్మదిగా, పొదుపుగా కాదు, ఒక్కసారిగా మీద పడుతుంది. దాన్ని తినే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ని పీల్చేస్తాయి. అసలు నీటిలో ఉండేదే ఎంత? 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. శుద్ధి చేయని ఇళ్ళ మురుగు ఒక్క లీటరు అయిదు రోజుల్లో 200 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ అడగగలదు. స్ట్రీటర్, ఫెల్ప్స్ ఒహాయో నది మీద పనిచేసి 1925లో దీనికి లెక్క చెప్పారు: మురుగు కలిసిన చోటు నుంచి ఆక్సిజన్ కొంత దూరం పడిపోతూ పోయి, తర్వాత గాలి నుంచి మెల్లగా కోలుకుంటుంది. ఆక్సిజన్ బాగా పడిపోయిన ఆ చోట స్టోన్‌ఫ్లైలు, మేఫ్లైలు అనే పురుగులు ఉండవు. రాళ్ళకు బూడిదరంగు జిగురు వేలాడుతుంది, బురదలో ఒంట్లో హిమోగ్లోబిన్ ఉన్న ఎర్రటి లార్వాలు మిగులుతాయి. వాసన వస్తుంది కాబట్టి జనం కోప్పడ్డారు, ప్లాంటు వచ్చింది. మంచిదే. కానీ మామూలు ప్లాంటు ఆక్సిజన్ని మింగే పదార్థాన్ని చాలావరకు తీసేస్తుంది గానీ, వేరే ఏర్పాటు లేకపోతే నత్రజని, భాస్వరాల్లో పెద్ద భాగాన్ని వాగులోకే వదులుతుంది. కంటికి కనబడే జబ్బు తగ్గింది, కనబడనిది మిగిలింది.

ఎరువూ మురుగూ రెండూ కలిసినచోట లెక్కలు తికమకపెడతాయి. ఐరోపాలో 100 వాగుల్లో ఆకులు ఎంత వేగంగా కుళ్ళుతున్నాయో కొలిచి 2012లో ప్రచురించారు. పోషకాలు మరీ తక్కువైన చోట నెమ్మది, మధ్యలో వేగం, మరీ ఎక్కువైన చోట మళ్ళీ నెమ్మది. అంటే ఆకు నెమ్మదిగా కుళ్ళుతుంటే అది స్వచ్ఛమైన వాగు కావచ్చు, చచ్చిపోతున్న వాగూ కావచ్చు. ఒక్క అంకె చూసి మురిసిపోకూడదు.

వాగు తనను తాను శుభ్రం చేసుకుంటుందనే నమ్మకానికీ ఒక హద్దుంది. బాక్టీరియా నైట్రేట్‌ని (నీటిలో కరిగి ఉండే నత్రజని రూపం) వట్టి నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి, నిజమే. కానీ అమెరికాలో 72 వాగుల్లో చేసిన ప్రయోగాల్లో (2008) తేలిందేమంటే, నైట్రేట్ పెరిగేకొద్దీ దాన్ని తొలగించే సామర్థ్యం తగ్గిపోతుంది. బరువు ఎక్కువైన కొద్దీ ఎక్కువ భాగం కిందికి వెళ్ళిపోతుంది.

అందుకే ఆపాల్సింది పైనే. భాస్వరం ఎక్కువగా మట్టిరేణువులకు అంటుకుని వస్తుంది, మట్టి కొట్టుకురాకుండా చూస్తే చాలావరకు ఆగుతుంది. నైట్రేట్ నీటిలో కరిగి భూమి లోపల నుంచి వస్తుంది. ఎరువు తగ్గించాక కూడా ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుంది, ఓపిక పట్టాలి. గట్టు చెట్లు మాత్రం వదలొద్దు. వాటి నీడ నాచుని అదుపులో పెడుతుంది, వాటి ఆకులే వాగుకి తిండి. చెట్లుంటే ఎరువు సంగతి చూడక్కర్లేదని మాత్రం అనుకోకు, వేళ్ళకు అందనంత లోతున పోయే నైట్రేట్‌ని అవి పట్టలేవు.

మీ వాగులో ఏం చూడాలని అడిగావు కదా. ఎండిన ఆకుల్ని తూచి కొన్నిటిని సన్నకన్ను వలసంచుల్లో, కొన్నిటిని పెద్దకన్ను సంచుల్లో కట్టి వాగులో ఉంచు. సన్నకన్ను సంచిలోకి పురుగులు దూరలేవు, అక్కడ తగ్గే బరువంతా దాదాపుగా సూక్ష్మజీవుల పని. రెండిటికీ తేడా ఎంత ఉంటే పురుగుల వాటా అంత. తేడా లేకపోతే, నీళ్ళు ఎంత తేటగా ఉన్నా నాకు వెంటనే రాయి. ప్లాంటుకి పైన ఒక చోటా కింద ఒక చోటా పెట్టడం మర్చిపోకు. ఆక్సిజన్ కొలిచేది మాత్రం తెల్లవారకముందే. సంచులకి ఏ చెట్టు ఆకులు తీసుకుంటావో ముందే చెప్పు, రెండు చోట్లా ఒకే చెట్టువి కావాలి.

నీ
మూర్తి