ఈసారి ఆరు రాత్రులే, టిక్కెట్టు వంద

ముందుగా, మన హాల్లో పోయినేడాది ఆడించిన హరిశ్చంద్ర నాటకం రాత్రి సంగతి. అది తేల్చకుండా కొత్త కార్యక్రమాలు చెప్పడం మొదలుపెడితే మీరు నవ్వుతారని నాకు తెలుసు.

ఆ రోజు తొమ్మిదింటికి తెర లేస్తుందని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఆటోలో మైకు పెట్టి చెప్పించాను. ఎనిమిదింటికే ముందున్న చాపలు నిండిపోయాయి. తొమ్మిదింపావుకి తెలిసింది, చంద్రమతి వేషం కట్టాల్సిన ఆవిడ రావడం లేదని. అదే రాత్రి ఇంకో ఊరి తిరునాళ్ళకి ఒప్పుకున్నారట. నేను అడ్వాన్సు ఇవ్వలేదు, ఫోన్లో అన్న మాట చాలనుకున్నాను. చివరికి పదీ నలభైకి పొన్నూరు వైపు నుంచి ఇంకొకావిడని కారులో తీసుకొచ్చాం. ఆవిడ పాపం దారి పొడుగునా పద్యాలు నెమరు వేసుకుంటూనే వచ్చారు. కాటిసీను వచ్చేసరికి రెండున్నర. అప్పటికి హాల్లో మిగిలింది నలభై మంది, అందులో సగం మంది నిద్రలో ఉన్నారు.

ఆ గంటా నలభై నిమిషాలూ నేను ఎక్కడున్నానని చాలామంది అడిగారు. మేకప్ గదిలో, నాన్నగారి కిరీటాల ట్రంకు పెట్టె మీద కూర్చున్నాను. మైకు పట్టుకుని జరిగింది చెప్పాల్సింది నేనే. భయపడి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా: తప్పు నాదే.

మర్నాడు ఒక పెద్దాయన మా నాటకాల డ్రెస్సుల కొట్టుకి వచ్చి, "1921లో మన బాపట్లలో ఇదే నాటకానికి చంద్రమతి రాకపోతేనే స్థానం నరసింహారావు గారు ఆ వేషం కట్టారమ్మాయ్, అక్కణ్ణుంచే ఆయన దశ తిరిగింది. నువ్వూ ఎవరో ఒక కుర్రాడికి చీర కట్టబెట్టాల్సింది" అని ఓదార్చారు. ఆయనకి దణ్ణం. కానీ ఆ రాత్రి నా చేతిలో ఉన్న కుర్రాళ్ళు ఇద్దరే. ఒకడు జనరేటరు దగ్గర, ఇంకొకడు బజ్జీల దగ్గర.

ఆ రాత్రి టిక్కెట్టు కొన్నవాళ్ళు 163 మంది. వాళ్ళందరికీ ఈసారి హరిశ్చంద్ర ఉచితం. టిక్కెట్టు ముక్క దాచుకోకపోయినా ఫర్వాలేదు, మొహం చూస్తే గుర్తుపడతాను. కొత్తగా గుర్తు పట్టాల్సిన మొహాలు మాత్రం తీసుకురాకండి.

ఇక డబ్బుల విషయం. టిక్కెట్టు 50 నుంచి 100 చేశాను. రాత్రులు పదకొండు నుంచి ఆరుకి తగ్గించాను. రెండూ ఒకేసారి చేసేసరికి, "రేటు పెంచి సరుకు తగ్గించింది" అని టీ కొట్టు దగ్గర అనుకుంటున్నారని విన్నాను. అక్షరాలా నిజం. ఎందుకో చెబుతాను.

హరిశ్చంద్ర రాత్రి నటీనటులకి, హార్మోనియం, తబలాలకి, మైకు సెట్టుకి, జనరేటరు డీజిలుకి, అందరి భోజనాలకి కలిపి 46,000 అయింది. టిక్కెట్ల మీద వచ్చింది 8,150. తక్కువ పడింది 37,850. ఈ హాలు ఫంక్షన్‌కి అద్దెకిస్తే రోజుకి 12,000 వస్తుంది. అంటే మూడు పెళ్ళిళ్ళ అద్దె పైచిలుకు ఒక్క హరిశ్చంద్రుడి అప్పుకే పోయింది. నాన్నగారి డ్రెస్సుల కొట్టు ఇప్పుడు నడుస్తోందంటే స్కూళ్ళ వార్షికోత్సవాల పుణ్యమే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కృష్ణుడి కిరీటం కన్నా భారతమాత చీరకే గిరాకీ ఎక్కువ. ఆ డబ్బు కూడా నిరుడు నాటకాలే మింగాయి.

మనకి నాటకమంటే గుడి కమిటీ వాళ్ళు ఊరంతా చందాలు వేయించి, ఉచితంగా ఆడించేది. అలా చూసి పెరిగినవాళ్ళని వంద రూపాయలు పెట్టి కొనుక్కోమంటే కష్టంగానే ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ నా వెనకాల గుడీ లేదు, కమిటీ లేదు. తాతగారి రైసుమిల్లు మూతపడ్డాక మిగిలిన గోడౌను ఉంది, దాని రేకుల కప్పు కింద 200 కుర్చీలున్నాయి. నేను ఇంటింటికీ చందాకి వస్తే మీరు కాదనలేక ఇస్తారు. అలా తీసుకున్న డబ్బుతో ఆడిస్తే, నాటకం బాగాలేదని మొహం మీద చెప్పడానికి మొహమాటపడతారు. టిక్కెట్టు కొన్నవాడికి ఆ మొహమాటం ఉండదు. హరిశ్చంద్ర మర్నాడు నాకు పడిన తిట్లే అందుకు సాక్ష్యం.

టిక్కెట్టులో జీఎస్టీ ఎంత అని ఒక తమ్ముడు అడిగాడు. నాటకం టిక్కెట్టు మనిషికి 500 దాటనంతవరకు జీఎస్టీ లేదు. వంద అంటే వందే.

ఖర్చు తగ్గించే దారి ఒకటే కనిపించింది. తెల్లవార్లూ ఆడే నాటకాన్ని మూడు గంటలకి కుదించడం. పద్యనాటకాల్లో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఎందుకుంటారో మీకు తెలుసు. రాత్రంతా శ్రుతి మీద నిలబడి రాగాలు తీయాలంటే ఒక్క గొంతు వల్ల కాదు. పైగా పోస్టరు మీద నాలుగు పేరున్న మొహాలు ఉంటేనే జనం కదులుతారని కాంట్రాక్టర్లు అనేవారు. కృష్ణులు ముగ్గురైతే పారితోషికాలూ మూడే, కార్లూ మూడే. మూడు గంటల నాటకానికి ఒక్క కృష్ణుడు చాలు. ఏడింటికి తెర లేపితే పదికల్లా అయిపోతుంది. ఇలా చేస్తే పద్యనాటకం రాత్రి 30,000 లోపు పడుతుంది. హాలు పూర్తిగా నిండితే 20,000 వస్తుంది. మిగతాది ఒక పెళ్ళి అద్దె మోస్తుంది. ఒక నాటకానికి ఒక పెళ్ళి, అంతవరకు నేను తట్టుకోగలను.

తెల్లవారుజామున చలిలో దుప్పటి కప్పుకుని కాటిసీను చూసే సుఖం పోయిందని బాబాయిలు కొందరు బాధపడుతున్నారు. నిజమే, పోయింది. నేనూ నాన్నగారి ఒళ్ళో అలాగే చూశాను. కానీ అప్పుడు మర్నాడు ఎనిమిదింటికి కాలేజీ బస్సు, కంపెనీ బస్సు ఎక్కాల్సిన వాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉండేవారు?

ఇప్పుడు ఆరు రాత్రుల సంగతి.

మొదటిది ముక్కనుమ సాయంత్రం తోలుబొమ్మలాట. కనుమ నాడు పెడదామనుకున్నాను గానీ కోడిపందేలతో పోటీ పడే ధైర్యం నాకు లేదు. రాయలసీమ నుంచి ఒక కుటుంబం వస్తోంది, తాత దగ్గర్నుంచి మనవడి దాకా. మేకతోలుని పల్చగా, వెలుగు అవతలికి కనిపించేలా చేసి, రంగులు వేసి, చిన్న చిన్న చిల్లులు పొడిచి ఆ బొమ్మల్ని చేస్తారు. నగలు మెరిసినట్టు కనిపించేది ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే. అందుకే హాలు కటిక చీకటిగా ఉండాలి. ఒక్కరు ఫోన్ లైటు వేసినా తెర చచ్చిపోతుంది. రామాయణంలో సుందరకాండ ఆడతారు, మధ్యలో నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క ఎలాగూ దూరతారు. వాళ్ళ మాటలు కాస్త మోటుగా ఉంటాయి, అది ఆ ఆట స్వభావం, పిల్లల్ని తెచ్చే అమ్మలకి ముందే చెబుతున్నా. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి టిక్కెట్టు లేదు, చాపలు వేస్తాం. ఆట అయ్యాక పిల్లలు తెర వెనక్కి వెళ్ళి బొమ్మలు చూడొచ్చు. ఆడిస్తూనే కాళ్ళతో చెక్కల్ని తొక్కి యుద్ధం చప్పుళ్ళు ఎలా చేస్తారో చూపిస్తామన్నారు.

రెండోది మాఘ పౌర్ణమి దాటాక వచ్చే మొదటి శనివారం, హరిశ్చంద్ర. మూడు గంటల్లో ఆడాలంటే ఎక్కడో కత్తెర పడాలి. విశ్వామిత్రుడి సభ తగ్గిస్తాం, నక్షత్రకుడి హాస్యం కొంత తగ్గిస్తాం. వారణాసి సీను ఉంటుంది. కాటిసీను జోలికి వెళ్ళం. జాషువా గారి శ్మశానం పద్యాలు ఒక్కటి కూడా తగ్గవని హరిశ్చంద్రుడి వేషం కట్టే ఆయన చేత ముందే ఒప్పించాను, ఆయన "తగ్గించమంటే నేనే రాను" అన్నారు.

మూడోది శివరాత్రి దాటాక వచ్చే శనివారం. శివరాత్రి జాగారానికే పెట్టమని అడుగుతున్నారు. నిరుడు అలాగే పెట్టాను. ఊరు ఊరంతా కోటప్పకొండ ప్రభల దగ్గర ఉంది, హాల్లో ముప్పయ్యొక్క మంది ఉన్నారు. ఆ ముప్పయ్యొక్క మందికి నమస్కారం, కానీ మళ్ళీ ఆ పని చేయను. ఈసారి ఆడేది తిరుపతి వేంకట కవుల రాయబారం సీను మాత్రమే, ఒక కృష్ణుడు, ఒక దుర్యోధనుడు, ఒక కర్ణుడు. ఈ పద్యాలు మీకే కంఠతా వచ్చు. నటుడు ఒక అక్షరం తడబడితే వెనక వరసల్లోంచి అందించేవాళ్ళు మన దగ్గర పాతికమంది ఉన్నారు. దయచేసి ఆయన తడబడేదాకా ఆగండి.

నాలుగోది ఉగాది సాయంత్రం బుర్రకథ. ముగ్గురూ ఆడవాళ్ళే. కథకురాలు తంబురా పట్టుకుని పల్నాటి యుద్ధం చెబుతారు, పక్కన వంత పాడే ఇద్దరూ డక్కీలనే చిన్న డోళ్ళు వాయిస్తారు. రాజకీయం చెప్పే వంత మన ఊరి రోడ్డు గుంతల గురించి కూడా చెప్పొచ్చా అని అడిగారు, చెప్పమన్నాను.

ఐదోది హరికథ. నవమి నాడు ఏ పందిరి చూసినా కల్యాణమే కాబట్టి మనం ముందు రోజు సాయంత్రం పెడుతున్నాం. రెండు గంటలు, సీతాకల్యాణం. దీనికి టిక్కెట్టు 50 మాత్రమే, ఎందుకంటే నాకయ్యే ఖర్చూ తక్కువే.

ఆరోది ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకునే రోజు. 1880లో రాజమండ్రిలో తన నాటకాన్ని తానే శిష్యులతో ఆడించిన మనిషి ఆయన. ఆ గుర్తుగా మన చుట్టుపక్కల కుర్రాళ్ళవి రెండు నాటికలు. ఒకటి కౌలు రైతు మీద, రెండోది అమెరికాలో ఉన్న కొడుకుతో వీడియో కాల్లో నడిచే తద్దినం మీద. రెండోదాని రిహార్సలు చూశాను. నవ్వాను, ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ప్రవేశం ఉచితం. వాళ్ళకి నాటక పరిషత్తు పోటీలకి వెళ్ళాలని ఉంది, జనం ముందు ఒకసారి ఆడితే తప్ప లోపం తెలియదు.

సురభి వాళ్ళని ఎప్పుడు తెస్తావని ప్రతి ఏడూ అడుగుతారు. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో కీచక వధతో మొదలై ఇన్ని తరాలుగా ఆడుతున్న కుటుంబాలు, తేవాలని నాకు మాత్రం లేదా? కానీ ఘటోత్కచుడి మాయలు, గాల్లో ఎగిరేవాళ్ళు, రెప్పపాటులో మారే తెరలు, వీటికి స్టేజి లోతు, పైన ఎత్తు కావాలి. మన స్టేజి 24 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతు. పైన ధాన్యం బస్తాల కోసం కట్టిన రేకుల కప్పు. అక్కణ్ణుంచి నారదుణ్ణి దించితే రేకులతో సహా దిగుతాడు. ఇక చింతామణి అడిగేవాళ్ళకి, 2022 జనవరిలో ప్రభుత్వం నిషేధించిన దగ్గర్నుంచి నేను ఆ నాటకం జోలికి వెళ్ళలేదు. ఈ ఆరింటిలోనూ లేదు.

ఒక కొత్త నియమం పెట్టాను, దీనికి కోపాలు వస్తాయని తెలుసు. నాటకం మధ్యలో స్టేజి ఎక్కి నటుడి అంగవస్త్రానికి నోటు గుచ్చడం, మైకులో పేరు చెప్పించుకోవడం ఈసారి ఉండవు. నిరుడు లోహితుడు పాము కరిచి పడి ఉండగా, "ఫలానా వారు 116 రూపాయలు" అని మైకులో వినబడింది. చచ్చిపోయిన పిల్లవాడు కూడా తల తిప్పి చూశాడు. చదివింపులు ఇవ్వాలనుకున్నవాళ్ళు విరామంలో ఇవ్వండి, పేర్లన్నీ అప్పుడే గట్టిగా చదువుతాం, ఆ డబ్బు మొత్తం నటీనటులకే. వన్స్‌మోర్లు మాత్రం మీ ఇష్టం, ఒక్కో పద్యానికి ఒక్కటి. పదింటికి ముగించాలి కదా.

ఆడవాళ్ళ బాత్‌రూములు రెండు కొత్తవి కట్టించాను, నీళ్ళున్నాయి. ఇది అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. దోమలకి ఫ్యాన్లు తప్ప నా దగ్గర మందు లేదు. ఆఖరి బస్సు పోయాక దూరం ఊళ్ళకి రెండు ఆటోలు మాట్లాడి పెట్టాను, చార్జీ మామూలే. టిక్కెట్లు ధనుర్మాసం మొదలైన రోజు నుంచి కొట్లో దొరుకుతాయి, నగదైనా ఫోన్‌పే అయినా సరే. ముందు వరసలు ఎవరికీ ఆపి ఉంచను. సర్పంచి గారికి కూడా ఇదే చెప్పాను.

హరిశ్చంద్ర గురించి ఇంకొక్క మాట. ఈసారి అడ్వాన్సు ఇచ్చాను, కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. అయినా మనసొప్పక ఇంకో చంద్రమతికి కూడా ఇచ్చాను. పైన చెప్పిన 30,000 లెక్కలో ఈ ఖర్చు లేదు, మా ఆయనకి ఇంకా తెలియదు. ఇద్దరూ వస్తే వారణాసి దాకా ఒకరు, కాటిసీనుకి ఒకరు.